కొవ్వుకు చోటు, వాపుకు అదుపు: పీపార్-గామా గ్రాహకం చెప్పే పాఠం

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం

  సుబ్బారావు గారి పేరు పక్కన నిలబడి మాట్లాడటం గౌరవం, అంతకు మించి బాధ్యత.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరిన ఆయన తరువాతి పాతికేళ్లలో చేసిన పనిని ఒకసారి వరుసగా చూడండి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ ఇద్దరి పేర్లతోనే దాన్ని జీవరసాయన ప్రయోగశాలల్లో ఈనాటికీ నేర్పుతున్నారు. ఆ కొలత చేతిలో ఉన్నందువల్లే కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది, 1929లో ఏటీపీ బయటపడింది. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లాక సుబ్బారావు గారి నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం తయారీ, దానికి ఎదురుగా పనిచేసే అమినోప్టెరిన్, మన కోస్తా జిల్లాల్లో బోదకాలు నివారణకు మింగించే డీఈసీ, బెంజమిన్ డగ్గర్ వెలికితీసిన యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఈ పనిలో రెండు పాయలు ఉన్నాయి. ఒక పాయ కణం శక్తిని ఎలా దాచుకుంటుంది, ఎలా ఖర్చు పెడుతుంది అన్నది. రెండో పాయ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులది. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్‌ను ఇవాళ చిన్న మోతాదులో, వారానికొకసారి, కీళ్లవాతం ఉన్నవారికి వాపును అణచడానికి ఇస్తున్నాం. మొదటిది జీవక్రియ, రెండోది వాపు ప్రక్రియ. మన కళాశాలల్లో ఈ రెండింటినీ రెండు వేర్వేరు విభాగాలు, రెండు వేర్వేరు సంవత్సరాల్లో బోధిస్తాయి. శరీరానికి ఆ విభజన లేదు. ఆ రెండు పనులూ కలిసే ఒక గ్రాహకం గురించి నేను ఈరోజు మాట్లాడతాను. దాని పేరు పీపార్-గామా. నా వాదన క్లుప్తంగా ఇది: ఈ గ్రాహకం ప్రధాన బాధ్యత మనం తిన్న కొవ్వును అది ఉండాల్సిన చోట ఉంచడం. ఆ పని సరిగ్గా జరిగితే చక్కెర, వాపు రెండూ అదుపులో ఉంటాయి. జరగకపోతే రెండూ కలిసే అదుపు తప్పుతాయి. దీని మీద పనిచేసే మందుల మేలు, కీడు రెండూ అక్కడి నుంచే వస్తాయి కాబట్టి, గ్రాహకాన్ని గట్టిగా తట్టి లేపడం కన్నా ఏ కణజాలంలో, ఎంత మేరకు కదిలించాలో తెలుసుకోవడమే అసలు వైద్యం.

1. మందు ముందు, గ్రాహకం తరువాత

ఈ కథలో కారణం కన్నా ముందు ఫలితం దొరికింది. జపాన్‌లో టకేడా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు రక్తంలో కొవ్వు తగ్గించే క్లోఫైబ్రేట్‌కు దగ్గరి అణువులను తయారుచేస్తూ వెళ్లారు. వాటిలో కొన్ని స్థూలకాయపు ఎలుకల్లో చక్కెరనూ దించాయి. 1980ల తొలినాళ్లలో వచ్చిన సిగ్లిటజోన్ వాటిలో మొదటిది. ఆ అణువులు క్లోమం చేత ఎక్కువ ఇన్సులిన్ చేయించలేదు. ఉన్న ఇన్సులిన్‌ను శరీరం మెరుగ్గా వాడుకునేలా చేశాయి. ఎలాగన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. 1990లో ఇస్మాన్, గ్రీన్ అనే ఇద్దరు క్లోఫైబ్రేట్ లాంటి అణువులకు స్పందించే ఒక కేంద్రక గ్రాహకాన్ని ఎలుక నుంచి వేరుచేశారు. అది పీపార్ కుటుంబంలోని ఆల్ఫా. రెండేళ్లలో గామాతో సహా మిగతా తోబుట్టువులూ బయటపడ్డారు. 1994లో బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం గామాను మామూలు ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో పెట్టి చూస్తే అవి కొవ్వు కణాలుగా మారిపోయాయి. 1995లో గ్లాక్సో శాస్త్రజ్ఞులు గ్లిటజోన్ మందులు అతుక్కునేది సరిగ్గా ఈ గామాకేనని చూపించారు. చక్కెరను తగ్గించే మందుకూ కొవ్వు కణాన్ని పుట్టించే ప్రొటీనుకూ మధ్య ముడి అలా బయటపడింది.

విద్యార్థుల కోసం దీని పని తీరును రెండు మాటల్లో చెబుతాను. ఇన్సులిన్ గ్రాహకం కణం పైపొర మీద ఉంటుంది. పీపార్-గామా కేంద్రకంలోనే, డీఎన్‌ఏ మీదనే ఉంటుంది. అది ఒంటరిగా పనిచేయదు. విటమిన్ ఏ సంబంధిత అణువును అందుకునే ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో గ్రాహకంతో జతకడుతుంది. దాని లోపలి గది చాలా విశాలమైనది. అందుకే ఏదో ఒక్క హార్మోనుకు కట్టుబడకుండా రకరకాల కొవ్వు ఆమ్లాలను, వాటి నుంచి పుట్టే అణువులను ఓ మోస్తరు బలంతో పట్టుకుంటుంది. అణువు చేరినప్పుడు గ్రాహకం ఆకారం మారుతుంది. జన్యువును మూసి ఉంచే సహాయకులు తొలగి, తెరిచే సహాయకులు చేరతారు. అలా తెరుచుకునే జన్యువుల జాబితా చూస్తే దాని ఉద్దేశం అర్థమవుతుంది: రక్తంలోని కొవ్వును విడగొట్టే ఎంజైము, కొవ్వు ఆమ్లాన్ని కణంలోకి తెచ్చే ప్రొటీను, లోపల మోసుకెళ్లే ప్రొటీను, కొవ్వు బిందువును చుట్టి కాపాడే ప్రొటీను, ఆపైన అడిపోనెక్టిన్ అనే హార్మోను. అంటే ఈ గ్రాహకం కొవ్వు రాకను గుర్తుపట్టి, దాన్ని దాచే ఏర్పాట్లన్నీ ఒకేసారి చేస్తుంది.

2. కొవ్వు ఉండటం కన్నా, ఎక్కడ ఉందన్నది ముఖ్యం

స్థూలకాయం వల్ల మధుమేహం వస్తుందని మనమందరం అంటాం. అది నిజంలో సగమే. మిగతా సగం ఈ గ్రాహకం నేర్పింది. కొవ్వు కణజాలం దాదాపు లేకుండా పుట్టించిన ఎలుకలున్నాయి. అవి సన్నగా ఉంటాయి, అయినా వాటికి తీవ్రమైన మధుమేహం వస్తుంది, కాలేయం కొవ్వుతో ఉబ్బిపోతుంది. వాటికి ఆరోగ్యవంతమైన ఎలుక కొవ్వును మార్పిడి చేస్తే చక్కెర దిగివస్తుంది. దీనికి పూర్తిగా ఎదురు కొసన 2007లో ఫిలిప్ షెరర్ బృందం చేసిన ప్రయోగం ఉంది. లెప్టిన్ లేక విపరీతంగా తినే ఎలుకల్లో అడిపోనెక్టిన్‌ను అధికంగా ఉత్పత్తి చేయిస్తే అవి ఇంకా లావెక్కాయి. కానీ వాటి చక్కెర దాదాపు సాధారణ స్థాయికి వచ్చింది, కాలేయంలో కొవ్వు తగ్గింది, కొవ్వు కణజాలంలో వాపు తగ్గింది. ఎక్కువ కొవ్వున్న జంతువు ఆరోగ్యంగానూ, కొవ్వే లేని జంతువు రోగంతోనూ ఉన్నాయంటే, మొత్తం బరువు ఒక్కటే కారణమన్న లెక్క నిలవదు.

మనుషుల్లో సాక్ష్యం 1999లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. చిన్న వయసులోనే తీవ్రమైన ఇన్సులిన్ నిరోధకత, మధుమేహం, రక్తపోటు ఉన్న కొందరిలో పీపార్-గామా జన్యువులో మార్పులు ఉన్నాయని కృష్ణ ఛటర్జీ, స్టీఫెన్ ఓ'రాహిలీ బృందం కనుగొంది. మార్పు చెందిన ప్రొటీను తాను పనిచేయకపోగా, మంచి కాపీ పనికి కూడా అడ్డుపడుతుంది. తరువాత ఇలాంటి వారిని పరిశీలిస్తే కాళ్లలో, చేతుల్లో, పిరుదుల్లో చర్మం కింది కొవ్వు కరిగిపోయి ఉంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరిగాయి, కాలేయంలో కొవ్వు చేరింది. చర్మం కింద దాచలేని కొవ్వు కాలేయానికి, కండరానికి, క్లోమానికి పోయి అక్కడ హాని చేసింది. పంట ఎంత పండినా గాదె ఉన్న ఇంట్లో గింజ నిలువ ఉంటుంది, గాదె లేని ఇంట్లో అదే గింజ నట్టింట్లో ముక్కిపోతుంది. కొవ్వు విషయంలో పీపార్-గామా కట్టేది ఆ గాదెనే.

3. వాపు ఎక్కడి నుంచి వచ్చింది

1993లో హోతమిష్లిగిల్, స్పీగెల్‌మన్ కలిసి స్థూలకాయపు ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు సంకేతం అధికంగా తయారవుతోందని, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోందని చూపారు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు రావాల్సిన సంకేతం తిండి ఎక్కువైనప్పుడు ఎందుకు వస్తోంది? పదేళ్ల తరువాత, 2003లో, రెండు బృందాలు విడివిడిగా జవాబు తెచ్చాయి. స్థూలకాయం పెరిగిన కొద్దీ కొవ్వు కణజాలంలోకి మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు వచ్చి చేరుతున్నాయి. సన్నటి జంతువుల్లో పది శాతం లోపు ఉండే ఆ కణాలు, బాగా లావైన వాటిలో సగం దాకా ఉండవచ్చని అంచనా వేశారు. 2005లో సింటి బృందం సూక్ష్మదర్శిని కింద ఇంకో సంగతి చూసింది. ఆ మాక్రోఫేజ్‌లు ఎక్కడ పడితే అక్కడ లేవు. నిండి, ఉబ్బి, చనిపోయిన కొవ్వు కణాల చుట్టూ వలయాలుగా గుమిగూడి ఉన్నాయి. శరీరం దృష్టిలో అది ఒక గాయం. గాయం దగ్గరికి మాక్రోఫేజ్‌లు పోవడం వాటి ధర్మం.

ఇక్కడే మన గ్రాహకం రెండో పాత్ర కనబడుతుంది. 1998లో క్రిస్టఫర్ గ్లాస్ బృందం మాక్రోఫేజ్‌లలో కూడా పీపార్-గామా ఉందని, అది చురుకైతే వాపు జన్యువులు తగ్గుతాయని తెలిపింది. ఎలా తగ్గిస్తుందన్నది 2005లో అదే బృందం చూపింది. మామూలుగా వాపు జన్యువుల ముందు వాటిని మూసి ఉంచే ఒక ప్రొటీన్ల గుంపు కాపలా ఉంటుంది. ప్రమాద సంకేతం రాగానే కణం ఆ గుంపును తొలగించి జన్యువును తెరుస్తుంది. అణువును పట్టుకున్న పీపార్-గామాకు సుమో అనే చిన్న ప్రొటీను తగులుకుంటే, అది పోయి ఆ కాపలా గుంపుతో కలిసి నిలబడి దాన్ని తొలగనివ్వదు. శ్రోతలు ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. ఒకే గ్రాహకం కొవ్వు కణంలో జన్యువులను తెరుస్తోంది, మాక్రోఫేజ్‌లో జన్యువులను మూసి ఉంచుతోంది. 2007లో ఎలుక మాక్రోఫేజ్‌ల నుంచి మాత్రమే ఈ గ్రాహకాన్ని తీసేస్తే, కొవ్వు కణాలను ముట్టుకోకపోయినా, ఇన్సులిన్ నిరోధకత పెరిగింది. 2012లో డయాన్ మాథిస్ బృందం పొట్టలోపలి కొవ్వులో ఉండే నియంత్రక టీ కణాలకు కూడా ఈ గ్రాహకమే ఆధారమని తేల్చింది. కొవ్వును దాచే కణం, వాపును రేపగల కణం, వాపును చల్లార్చే కణం, మూడూ ఒకే గ్రాహకాన్ని వాడుకుంటున్నాయి.

4. మొదటి అభ్యంతరం: వాపు కారణమా, ఫలితమా?

జాగ్రత్తగా వినేవారు ఇప్పటికే ఈ ప్రశ్న వేసుకుని ఉంటారు. వాపే మూలమైతే, వాపును తగ్గించే మందుతో మధుమేహం తగ్గాలి కదా? పరీక్షలు ఈ ఆశను పూర్తిగా నిలబెట్టలేదు. 1996లోనే మధుమేహుల్లో టీఎన్‌ఎఫ్‌ను యాంటీబాడీతో అడ్డుకుంటే ఇన్సులిన్ పనితీరు మారలేదు. కాంటోస్ అనే పెద్ద పరీక్షలో, గుండెపోటు వచ్చిన 10,061 మందిలో, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు సంకేతాన్ని అడ్డుకున్న మందు గుండె ప్రమాదాలను తగ్గించింది. కొత్తగా మధుమేహం రావడాన్ని మాత్రం ఆపలేదు. ఇక సుబ్బారావు గారి పరిశోధన వంశంలోని మెథోట్రెక్సేట్ సంగతి. మధుమేహమో జీవక్రియా లోపాల సముదాయమో ఉన్న 4,786 మంది హృద్రోగులకు చిన్న మోతాదులో ఇచ్చి చూసిన సర్ట్ పరీక్ష ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. అందులో గుండె ప్రమాదాలు తగ్గలేదు, రక్తంలో వాపు సూచికలు కూడా తగ్గలేదు. కీళ్లలో పనిచేసే మందు ఇక్కడ పనిచేయలేదు.

ఈ ఫలితాలు నా వాదనకు వ్యతిరేకమని నేను అనుకోను. అవి వాదనను పదును పెడతాయి. జీవక్రియా లోపంలోని వాపు కీళ్లవాతపు వాపు లాంటిది కాదు. అది దాచలేని కొవ్వు మీద శరీరం చేస్తున్న ఫిర్యాదు. ఫిర్యాదు అందకుండా చేస్తే సమస్య తీరదు. అలాగని వాపుకు ఏ పాత్రా లేదనడం కూడా తప్పే. 2010లో స్పీగెల్‌మన్ బృందం చూపినదేమంటే, స్థూలకాయంలో వాపు సంకేతాలు కొవ్వు కణంలోని సీడీకే-5 అనే ఎంజైమును చురుకు చేస్తాయి. అది పీపార్-గామా మీద 273వ స్థానంలోని సెరీన్‌కు ఒక ఫాస్ఫేటును తగిలిస్తుంది. దానితో అడిపోనెక్టిన్ వంటి మేలు చేసే జన్యువుల పని తగ్గుతుంది. అంటే దాపు చాలక వాపు వస్తుంది, వచ్చిన వాపు తిరిగి దాపును ఇంకా చెడగొడుతుంది. ఇది ఒక వలయం. వలయాన్ని తెంచాలంటే రెండు పాయలూ కలిసిన చోటే తెంచాలి. ఒక్క సంకేతాన్ని ఎక్కడో రక్తంలో పట్టుకుని ఆపితే చాలదని పరీక్షలు మనకు చెప్పింది ఇదే.

5. రెండో అభ్యంతరం: తక్కువైతే మంచిదన్న సాక్ష్యం

ఇంకా గట్టి అభ్యంతరం ఒకటుంది. 1999లో జపాన్‌లో కుబోతా బృందం పీపార్-గామా జన్యువు రెండు కాపీల్లో ఒకటి మాత్రమే ఉన్న ఎలుకలకు కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టింది. వాటికి రోగం రావాలి. కానీ అవి మామూలు ఎలుకల కన్నా సన్నగా, ఇన్సులిన్‌కు చక్కగా స్పందిస్తూ ఉన్నాయి. మనుషుల్లోనూ ఇలాంటిదే ఉంది. ఈ ప్రొటీనులో 12వ స్థానంలో ప్రొలీన్‌కు బదులు అలనీన్ ఉన్నవారిలో గ్రాహకం చురుకుదనం కొద్దిగా తక్కువ. 2000లో ఆల్ట్‌షులర్ బృందం చేసిన విశ్లేషణ ప్రకారం సర్వసాధారణమైన ప్రొలీన్ రూపంతోనే మధుమేహపు ముప్పు సుమారు 1.25 రెట్లు ఎక్కువ. గ్రాహకాన్ని చురుకు చేసే మందు మేలు చేస్తుంది, గ్రాహకం చురుకుదనం తగ్గినా మేలే జరుగుతోంది. ఈ రెండూ ఎలా కుదురుతాయి?

కుదురుతాయి. చూడాల్సింది వచ్చే కొవ్వుకూ, దాచే సామర్థ్యానికీ మధ్య నిష్పత్తిని. గ్రాహకం కొంచెం తగ్గిన ఎలుకల్లో కొవ్వు కణాలు చిన్నవిగా ఉన్నాయి, శరీరం కొవ్వును ఎక్కువగా ఖర్చు చేసింది. ఉన్న దాపు మీద భారం పెరగలేదు. మందు ఇచ్చినప్పుడు కొత్త చిన్న కణాలు చర్మం కింద పుట్టి, దాచే సామర్థ్యమే పెరిగింది. దారులు రెండైనా చేరే చోటు ఒకటే: ఉబ్బిపోని చిన్న కొవ్వు కణం. గ్రాహకం పూర్తిగా చెడితే మాత్రం, కేంబ్రిడ్జ్ రోగుల్లో చూసినట్టు, దాపే ఉండదు. కాబట్టి దీని పనిని ఎక్కువైతే మంచి, తక్కువైతే చెడు అన్న గీత మీద పెట్టలేం. ఆ గీతకు రెండు కొసల్లోనూ ప్రమాదం ఉంది. మధ్యలో ఒక విశాలమైన ప్రాంతంలో ఆరోగ్యం ఉంది. ఈ మాట ఒప్పుకుంటే మందుల చరిత్ర మొత్తం కొత్తగా అర్థమవుతుంది.

6. ఒకే వేరు నుంచి మేలు, కీడు

గ్లిటజోన్ మందుల్లో ట్రోగ్లిటజోన్ 1997లో అమెరికాలో వచ్చింది, కాలేయం విఫలమై మరణాలు సంభవించడంతో 2000లో వెనక్కి పోయింది. ఆ కీడు ఆ ఒక్క అణువుకు చెందినదే. 1999లో వచ్చిన రోజిగ్లిటజోన్, పయోగ్లిటజోన్‌లకు అది అంటలేదు. వాటికి వేరే కష్టాలు వచ్చాయి, అవే మనకు ముఖ్యం. బరువు పెరిగింది, ఒంట్లో నీరు నిలిచింది, గుండె బలహీనంగా ఉన్నవారిలో గుండె వైఫల్యం పెరిగింది, ముఖ్యంగా స్త్రీలలో ఎముకలు విరిగాయి. ఇవేవీ అనుకోని ప్రమాదాలు కావు. మూత్రపిండంలోని సేకరణ నాళాల్లో కూడా ఈ గ్రాహకం ఉంది. ఎలుకల్లో ఆ నాళాల నుంచి దాన్ని తీసేస్తే మందు ఇచ్చినా నీరు చేరలేదు. ఎముక మూలుగలోని మూలకణం ఎముక కణం కావచ్చు, కొవ్వు కణం కావచ్చు. గ్రాహకం చురుకైతే అది కొవ్వు కణం వైపు మొగ్గుతుంది. చర్మం కింద మేలు చేసిన పనే మూలుగలో కీడు చేసింది.

2007లో నిస్సెన్, వోల్‌స్కీ 42 పరీక్షలను కలిపి చూసి రోజిగ్లిటజోన్‌తో గుండెపోటు ముప్పు 1.43 రెట్లు ఉండవచ్చని ప్రకటించారు. 2010లో ఐరోపా ఆ మందును నిలిపేసింది, మన దేశమూ నిలిపేసింది. అమెరికా కఠినమైన ఆంక్షలు పెట్టి, సాక్ష్యాన్ని మళ్లీ పరిశీలించి, 2013లో సడలించింది. పయోగ్లిటజోన్ కథ మరోలా సాగింది. 2016లో వచ్చిన ఐరిస్ పరీక్షలో, పక్షవాతం వచ్చి, మధుమేహం లేకుండా ఇన్సులిన్ నిరోధకత మాత్రమే ఉన్న 3,876 మందిలో, అది మళ్లీ పక్షవాతమో గుండెపోటో రావడాన్ని 24 శాతం తగ్గించింది. కొత్తగా మధుమేహం వచ్చినవారు 7.7 శాతం నుంచి 3.8కి తగ్గారు. అదే పరీక్షలో ఎముకలు విరిగినవారు 3.2 నుంచి 5.1 శాతానికి పెరిగారు. మేలూ కీడూ ఒకే పట్టికలో పక్కపక్కన ఉన్నాయి. ఈ అంకెలు చదివి మందును తిట్టడం తేలిక, పొగడటమూ తేలిక. ఏ రోగికి ఏ పక్క బరువెక్కువో తేల్చడం కష్టం, అదే వైద్యుడి పని.

ఈ అధ్యాయంలో హైదరాబాదుకు సొంత పేజీ ఉంది. కల్లం అంజిరెడ్డి గారు స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ పరిశోధకులు 1990లలో ఈ గ్రాహకం మీదనే తమ తొలి సొంత అణువులను తయారుచేశారు. 1997లో బలాగ్లిటజోన్‌ను డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చారు. ఒక భారతీయ కంపెనీ తాను కనుగొన్న అణువును విదేశీ సంస్థకు అలా ఇవ్వడం అదే మొదలు. ఆల్ఫా, గామా రెండింటినీ కదిలించే రాగాగ్లిటజార్ కూడా వెళ్లింది. జంతువుల్లో మూత్రాశయంలో కణితులు కనబడటంతో 2002లో దాని పరీక్షలు ఆగాయి. బలాగ్లిటజోన్‌ది భిన్నమైన ఆలోచన. అది గ్రాహకాన్ని సగం మేరకే కదిలించే అణువు. చివరి దశ పరీక్షలో అది చక్కెరను తగ్గించిందని, పయోగ్లిటజోన్‌తో పోలిస్తే ఒంట్లో నీరు, కొవ్వు తక్కువ చేరాయని నివేదిక వచ్చింది. అయినా అది మార్కెట్‌కు చేరలేదు. దీన్ని ఓటమి కింద రాసేయకూడదని నా గట్టి నమ్మకం. పూర్తిగా తట్టి లేపే అణువులు ప్రపంచమంతా అమ్ముడవుతున్న రోజుల్లో, కొంచెమే కదిలించాలన్న సరైన ప్రశ్నను మన నగరంలోని ప్రయోగశాల వేసింది. 2011లో స్పీగెల్‌మన్ బృందం మరో అడుగు వేసింది. గ్రాహకాన్ని అసలు చురుకు చేయకుండా, 273వ స్థానానికి ఫాస్ఫేటు తగలకుండా మాత్రమే కాపాడే అణువులను తయారుచేసింది. ఎలుకల్లో చక్కెర మెరుగుపడింది, ఒంట్లో నీరు చేరలేదు. మేలును కీడు నుంచి విడదీయవచ్చన్న ఆశకు అది ఆధారం. అహ్మదాబాద్‌లో జైడస్ తయారుచేసిన సారోగ్లిటజార్‌కు మన దేశంలో 2013లో అనుమతి వచ్చింది. అది ప్రధానంగా ఆల్ఫాను, కొంత గామాను కదిలించేలా రూపొందింది. ఇదీ ఆ దారిలోనిదే.

7. మన శరీరాల సంగతి

ఇదంతా మనకెందుకు ముఖ్యమో ఇప్పుడు చెబుతాను. 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యడ్కిన్ ఇద్దరూ తమ ఫొటోను లాన్సెట్‌లో అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. పైకి సన్నగా ఉండి లోపల కొవ్వు ఎక్కువగా ఉండే మన తత్వానికి అది నిదర్శనం. చర్మం కింది దాపు త్వరగా నిండిపోయి, కొవ్వు తొందరగా పొట్టలోకి, కాలేయంలోకి పోయే శరీరాలు మనవి. అందుకే మన వైద్యులు అధిక బరువుకు 23 బీఎంఐని గీతగా పెట్టుకున్నారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉందని అంచనా వేసింది. ఈ అంకెలను తిండి, బద్ధకం అనే రెండు నేరాల కింద జమ కట్టడం మనకు అలవాటు. దాచే సామర్థ్యం తక్కువగా ఉన్న మనిషికి కొద్దిపాటి మిగులు కూడా భారమే. రోగిని నిందించే ముందు ఈ శాస్త్రం గుర్తుకు రావాలి.

అయితే మనవాళ్లందరికీ ఈ గ్రాహకపు మందు ఇచ్చేద్దామా? ఇక్కడ చివరి అభ్యంతరం మన గడ్డ మీదే ఉంది. 2011లో అమెరికాలో పయోగ్లిటజోన్ 45 మిల్లీగ్రాముల దాకా ఇచ్చిన పరీక్షలో మధుమేహం రాక 72 శాతం తగ్గింది. 2009లో చెన్నైలో రామచంద్రన్ బృందం ముందు దశలో ఉన్న 407 మందికి ఆహార, వ్యాయామ సలహాలతో పాటు 30 మిల్లీగ్రాములు ఇచ్చి చూసింది. మూడేళ్లలో మందు తీసుకున్నవారిలో 29.8 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 31.6 శాతం మందికి మధుమేహం వచ్చింది. అంటే తేడా లేదు. మోతాదు వేరు, మనుషులు వేరు, రెండు గుంపులకూ జీవనశైలి సలహా అందింది. కారణం ఏదైనా పాఠం స్పష్టం: ఒక దేశంలో గ్రాహకం ఇచ్చిన జవాబు ఇంకో దేశంలో దానంతట అదే చెల్లదు. 2013 జూన్‌లో మన ప్రభుత్వం మూత్రాశయ కేన్సర్ భయంతో పయోగ్లిటజోన్‌ను ఆపి, జూలై చివరకు హెచ్చరికతో తిరిగి అనుమతించింది. మన రోగుల మీద మన సొంత దీర్ఘకాలిక లెక్కలు దండిగా ఉంటే ఇలాంటి నిర్ణయాలు మరింత నిలకడగా ఉంటాయి.

నా వాదనను ముగించే చోటికి వచ్చాను. పీపార్-గామా నుంచి నేను తీసే నిర్ణయాలు మూడు. జీవక్రియను, వాపును వేరు వేరు రోగాలుగా చూసే పాఠ్యక్రమం మారాలి. దాచలేని కొవ్వు, దాని మీద రేగే వాపు ఒకే పాఠంగా విద్యార్థికి అందాలి. చక్కెర ఎంత తగ్గిందన్న ఒక్క కొలతతో మందును అంచనా వేయడం మానాలి. కాలేయంలో కొవ్వు ఎటు పోయింది, ఎముకకు ఏమైంది, ఒంట్లో నీరు ఎంత చేరింది అన్నవి కూడా అదే వరుసలో అడగాలి. మూడోది ఈ హాలులోని యువ పరిశోధకులకు. ఏ మోతాదు, ఏ తరహా అణువు, ఎలాంటి మనిషికి సరిపోతుందో మన జిల్లాల మనుషుల్లో, ఏళ్ల తరబడి, ఓపికగా కొలవాలి. సన్నగా కనబడుతూ లోపల రోగాన్ని మోస్తున్న వారి చర్మం కింది కొవ్వు, కాలేయపు కొవ్వు, వాపు సూచికలు కలిపి చూసే అధ్యయనాలు కావాలి. అణువులు తయారుచేయగలమని మన ప్రయోగశాలలు రుజువు చేశాయి. వాటిని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో చెప్పగల జ్ఞానం కూడా ఇక్కడే పుట్టాలి. అది పుట్టించగల వయసు మీది.